పాత హ్యామ్ సెట్టులో మీటరు పేచీలు, ట్యూనింగ్ తిప్పలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 1970ల నాటి సెట్లు ఇప్పటికీ వాడుతున్న హ్యాములు (సరదాకి రేడియో స్టేషన్ నడిపే అమెచ్యూర్లు) ఉన్నారు. కొత్తగా లైసెన్సు తెచ్చుకుని అలాంటి సెట్టే చవగ్గా కొన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలు ఎక్కువగా యాయేసు ఎఫ్‌టీ-101ఈ, కెన్‌వుడ్ టీఎస్-520 అనే రెండు సెట్ల నుంచే ఇస్తున్నాను. రెండూ హైబ్రిడ్ సెట్లు. రిసీవరు మొత్తం ట్రాన్సిస్టర్లతో నడుస్తుంది, ట్రాన్స్‌మిటరు చివర మాత్రం డ్రైవరుగా ఒక ట్యూబు, ఫైనల్స్‌గా, అంటే పవరు పెంచి యాంటెన్నాకి పంపే చివరి మెట్టుగా, రెండు ట్యూబులు ఉంటాయి. ఆ కాలపు మిగతా హైబ్రిడ్లకూ ఇందులో చాలామటుకు పనికొస్తుంది.

ముందే ఒక హెచ్చరిక. ఫైనల్ ట్యూబుల ప్లేటు మీద ఎఫ్‌టీ-101ఈలో 600 వోల్టులు, టీఎస్-520లో 800 వోల్టుల దాకా ఉంటుంది. స్విచ్ ఆపినా, ప్లగ్గు పీకినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జి కాసేపు నిలిచే ఉంటుంది. టీఎస్-520లో మీటర్ని హెచ్‌వీ (హైవోల్టేజీ) పొజిషన్‌లో పెట్టి, ముల్లు సున్నాకి దిగాకే కవరు విప్పండి. ఆ తర్వాత కూడా మల్టీమీటరుతో చూసుకోకుండా వేలు పెట్టొద్దు.

సెట్టు చాన్నాళ్ళు అటక మీద ఉంది. ప్లగ్గు పెట్టి ఆన్ చేసేయొచ్చా?

వద్దు. ముందు అది ఎన్ని వోల్టులకు కట్టి ఉందో చూడండి. ఎఫ్‌టీ-101 ట్రాన్స్‌ఫార్మరుకి 100, 110, 117, 200, 220, 234 వోల్టుల ట్యాపులుంటాయి. జపాన్ నుంచో అమెరికా నుంచో చుట్టాలు తెచ్చిన సెట్టయితే 100కో 117కో కట్టి ఉండే అవకాశం ఎక్కువ. మన 230 దానికి తగిలిస్తే ఇక రిపేరు మాట అనవసరం. మన కరెంటుకి 234 ట్యాపు సరిపోతుంది.

తర్వాత కవరు విప్పి లోపల ఎవరు కాపురం పెట్టారో చూడండి. ఫైనల్ ట్యూబులుండే రేకు బోనులో ఎండిపోయిన బల్లి, బొద్దింక గుడ్లు, చీమలు మోసుకొచ్చిన మట్టి మన వైపు మామూలే. ప్లేటు క్యాపుకీ ఛాసిస్‌కీ మధ్య బల్లి ఒకటి అతుక్కుని ఉంటే, హైవోల్టేజీ రాగానే అక్కడే ఆర్కు కొడుతుంది. మెత్తని పెయింటు బ్రష్షుతో దులిపి, బ్లోయరుతో తక్కువ స్పీడులో ఊదండి.

మూడోది సిరీస్ బోర్డు. ఎలక్ట్రీషియన్లు వాడే మామూలు సిరీస్ బోర్డే, అందులో 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టాలి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. హీటర్ స్విచ్ ఆఫ్‌లో ఉంచి సెట్టు ఆన్ చేస్తే, బల్బు ఒక్కసారి వెలిగి మసకబారాలి. నిండుగా వెలుగుతూనే ఉంటే ట్రాన్స్‌ఫార్మరో, ఏదో కెపాసిటరో షార్టయిందని. అక్కడితో ఆగిపోండి.

స్టేషన్లు బాగానే వినిపిస్తున్నాయి. ఎస్ మీటరు మాత్రం కదలట్లేదు. ఏటండీ ఇది?

ఎస్ మీటరు అంటే సిగ్నల్ బలం చూపించే మీటరు, కానీ అది యాంటెన్నా మీదికొచ్చిన సిగ్నల్‌ని నేరుగా కొలవదు. సిగ్నల్ పెరిగినప్పుడు గెయిన్ తగ్గించడానికి రిసీవరు తనకు తాను తయారుచేసుకునే ఏజీసీ (ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్) వోల్టేజీని కొలుస్తుంది. ఏజీసీ స్విచ్ ఆఫ్‌లో ఉంటే మీటరు పలకదు, మాట మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. మీ సెట్టుకి ఆ స్విచ్ ఉంటే ముందు అది చూడండి. స్లో, ఫాస్ట్ రెండింట్లోనూ కదలకపోతే, బలమైన స్టేషన్ వచ్చినప్పుడు చెవులు పగిలేలా వినిపించి మాట చిరుగుతోందా గమనించండి. చిరుగుతుంటే ఏజీసీయే పనిచేయట్లేదని అర్థం. మాట సమంగా ఉండి మీటరు మాత్రమే చచ్చిపడి ఉంటే, తప్పు మీటరు సర్క్యూట్లోనో, ఎస్ మీటరు సున్నా ప్రీసెట్లోనో (స్క్రూడ్రైవరుతో తిప్పి సర్దే చిన్న రెసిస్టరు) ఉంటుంది. చాలా ఏళ్ళు తిప్పని ప్రీసెట్లో కార్బన్ ట్రాక్ మీద మురికి పొర కడుతుంది. అది ఎక్కడుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, అటూ ఇటూ నాలుగైదుసార్లు తిప్పి మళ్ళీ అదే చోట ఆపితే మీటరు లేచి కూర్చోవడం తరచూ జరిగేదే.

సున్నా పెట్టాలంటే సెట్టు అరగంట వేడెక్కాలి, యాంటెన్నా పీకేయాలి, ఆర్‌ఎఫ్ గెయిన్ పూర్తిగా కుడికి ఉండాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా ఆ సున్నా సున్నా కాదు.

సిగ్నల్ ఏదీ లేకుండానే మీటరు ఎస్7 మీదికెక్కి కూర్చుంది.

ఆర్‌ఎఫ్ గెయిన్ నాబ్ చూడండి. ఈ సెట్లలో దాన్ని ఎడమకి తిప్పేకొద్దీ ముల్లు పైకి లేస్తుంది. గెయిన్ తగ్గించే వోల్టేజీ కూడా ఏజీసీ లైను మీదే వెళ్తుంది కాబట్టి మీటరుకి తేడా తెలియదు. పిల్లలెవరో నాబ్ తిప్పేసి వెళ్ళిన కేసులే ఎక్కువ.

గెయిన్ సరిగ్గానే ఉంటే యాంటెన్నా ప్లగ్గు పీకండి. ముల్లు కిందికి దిగితే సెట్టు మంచిదే, గోల బయట ఉంది. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు, ఫోను ఛార్జర్లు ఒక్కొక్కటీ ఆపి చూడండి. అన్నీ ఆపినా తగ్గకపోతే వీధిలోకి వెళ్ళాలి. కళింగపట్నం, బారువ, భోగాపురం లాంటి తీరపు ఊళ్ళలో ఇంకో కారణం ఉంది. కరెంటు స్తంభాల పింగాణీ ఇన్సులేటర్ల మీద సముద్రపు ఉప్పు పేరుకుంటుంది. మంచు పడే తెల్లవారుజామున ఆ ఉప్పు తడిసి, దాని మీదుగా సన్నగా కరెంటు పాకుతూ చిటపటలాడుతుంది. ఎండెక్కితే తగ్గుతుంది. ఒక గట్టి వాన కురిస్తే ఉప్పు కడుక్కుపోయి కొన్నాళ్ళు పూర్తిగా పోతుంది. పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి మాయమయ్యే గోలకి సెట్టు విప్పితే సాయంత్రం దాకా వెతికినా ఏమీ దొరకదు.

మా ఫ్రెండుకి ఎస్9 ఇస్తే, అతను నాకు ఎస్6 అన్నాడు. ఎవరి మీటరు తప్పు?

ఇద్దరిదీ కాకపోవచ్చు. హెచ్‌ఎఫ్‌లో ఎస్9 అంటే 50 ఓముల దగ్గర 50 మైక్రోవోల్టులు, ఒక్కో ఎస్ యూనిట్‌కి 6 డీబీ అని ఒప్పందం. ఆనాటి సెట్లు కింది యూనిట్లలో ఆ లెక్క పాటించవు. ఒక్కో గీతకీ మూడు నాలుగు డీబీ మాత్రమే ఉంటుంది. పోల్చుకోవడానికి మాత్రమే వాడండి: నిన్నటికీ ఇవాళ్టికీ, ఈ యాంటెన్నాకీ ఆ యాంటెన్నాకీ. సెట్టులోనే ఉన్న క్రిస్టల్ క్యాలిబ్రేటరు (కచ్చితమైన ఫ్రీక్వెన్సీల్లో గుర్తు సిగ్నల్ ఇచ్చేది) ఆన్ చేసినప్పుడు 7 మెగాహెర్ట్జ్‌లో ముల్లు ఎంత లేస్తుందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత అంత లేవకపోతే రిసీవరు మందగించిందని ఇట్టే తెలుస్తుంది.

మీటరు ఏ పొజిషన్‌లోనూ కదలట్లేదు. కాయిల్ పోయిందా?

పోయి ఉండొచ్చు, కానీ దాన్ని చూడటానికి అనలాగ్ మల్టీమీటరు ఓముల రేంజి నేరుగా తగిలించొద్దు. అందులోంచి వచ్చే కరెంటుకే సన్నని కాయిల్ కాలిపోగలదు. మీటరు వైరు ఒకటి ఊడదీసి, ఒకటిన్నర వోల్టుల సెల్లుకి వంద కిలో ఓముల రెసిస్టరు సిరీస్‌లో పెట్టి తాకించండి. అందులోంచి 15 మైక్రోఆంపియర్లు మాత్రమే పోతుంది. ముల్లు కాస్త ఉలిక్కిపడినా చాలు, కాయిల్ బతికే ఉంది. ఏమీ లేకపోతే రెసిస్టరు మెల్లగా తగ్గిస్తూ పది కిలో ఓముల దాకా రండి.

కాయిల్ బాగుంటే మీటరు స్విచ్ మీద అనుమానపడండి. సముద్రపు గాలికి ఆ స్విచ్ కాంటాక్టుల వెండి పూత నల్లబడుతుంది. కాంటాక్ట్ క్లీనరు పుల్లతో ఒక చుక్క వేసి ఇరవై ముప్ఫైసార్లు తిప్పండి. బ్యాండ్ స్విచ్‌కి కూడా ఇదే వైద్యం, కానీ స్ప్రే డబ్బాతో తడిపేయొద్దు. స్విచ్‌లోని ఆ గోధుమరంగు వేఫర్లు (పలకలు) ద్రవాన్ని పీల్చుకుంటాయి. తర్వాత హైవోల్టేజీకి అక్కడే లీకు మొదలవుతుంది. గరుకు కాగితం అసలొద్దు, పూత పోతే ఆ స్విచ్‌కి మళ్ళీ దొరకదు. కిరసనాయిలు పోసి కడిగే అలవాటు కొందరికింకా ఉంది, దయచేసి మానేయండి.

ముల్లు సగం దూరం వెళ్ళి తట్టుకుంటోంది.

అద్దం పొడిగుడ్డతో గట్టిగా తుడిచారా? ప్లాస్టిక్ అద్దానికి స్టాటిక్ ఛార్జి పడితే ముల్లుని లాగి పట్టుకుంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్ళలో కలిపి, దూదితో అద్దం మీద పల్చగా రాసి ఆరనివ్వండి. అయినా తట్టుకుంటుంటే అయస్కాంతం సందులో ఇనుప రజను చేరి ఉంటుంది. సెల్లోటేపు అంచుని సందులోకి పంపి అంటించి తీయాలి. చెయ్యి వణికేవాళ్ళు ఈ పని పెట్టుకోవద్దు, వాచీలు బాగుచేసేవాళ్ళకి ఇస్తే నిమిషంలో చేస్తారు.

ట్యూన్ చేసే వరస ఒక్కసారి సరిగ్గా చెబుతారా?

డమ్మీ లోడు (యాంటెన్నా బదులు పెట్టే 50 ఓముల రెసిస్టరు) తగిలించండి. యాంటెన్నా మీద నేర్చుకోవడం వల్లే సగం గందరగోళం వస్తుంది. హీటర్ స్విచ్ వేసి కొన్ని నిమిషాలు ఆగండి.

ముందు రిసీవ్‌లోనే డ్రైవ్ నాబ్ తిప్పి, క్యాలిబ్రేటరు సిగ్నల్ బాగా బలంగా వినిపించే చోట ఆపండి. ఎఫ్‌టీ-101లో ఈ నాబ్ పేరు ప్రీసెలెక్టర్. రిసీవరూ ట్రాన్స్‌మిటరూ ఈ నాబ్ సర్దే కాయిల్స్‌నే పంచుకుంటాయి కాబట్టి, రిసీవ్ పీకయిన (గరిష్ఠానికి చేరిన) చోటే ట్రాన్స్‌మిట్ డ్రైవు, అంటే ఫైనల్స్‌కి అందే సిగ్నల్, కూడా దాదాపు పీకవుతుంది. ప్లేట్ నాబ్‌ని ఆ బ్యాండు గుర్తు మీద, లోడ్ నాబ్‌ని ఎడమ చివర ఉంచండి.

ఇప్పుడు ఐడ్లింగ్ కరెంటు, అంటే సిగ్నల్ ఏదీ లేకుండా ఫైనల్స్ లాగే కరెంటు, చూడాలి. మోడ్ ఎస్ఎస్‌బీలో, మైక్ గెయిన్ సున్నా, క్యారియర్ (మాట లేని ఉత్త సిగ్నల్) సున్నా. ఎఫ్‌టీ-101లో మీటర్ని ఐసీలో, టీఎస్-520లో ఐపీలో (రెండూ ఫైనల్స్ కరెంటు చూపించే పొజిషన్లే) పెట్టి సెండ్ చేస్తే 60 మిల్లీఆంపియర్ల దగ్గర నిలవాలి. నిలవకపోతే బయాస్ (కరెంటుని అదుపులో ఉంచడానికి ట్యూబు గ్రిడ్డు మీద పెట్టే నెగెటివ్ వోల్టేజీ) సరిచేసే దాకా ముందుకెళ్ళొద్దు.

అక్కడి నుంచి ట్యూన్ మోడ్. క్యారియర్ కొంచెం పెంచితే ప్లేటు కరెంటు లేస్తుంది. డ్రైవ్ తిప్పి దాన్ని గరిష్ఠానికి తెచ్చి, వెంటనే ప్లేట్ నాబ్ తిప్పితే ఒక చోట కరెంటు టక్కున కిందికి జారుతుంది. అదే డిప్. మీటర్ని పవర్ పొజిషన్‌కి (ఎఫ్‌టీ-101లో పీఓ, టీఎస్-520లో ఆర్‌ఎఫ్) మార్చి, లోడ్ కొంచెం కుడికి, మళ్ళీ ప్లేట్ పీకు, ఇంకాస్త లోడ్, మళ్ళీ ప్లేట్. బొబ్బిలి వీణకి శృతి చేసేటప్పుడు ఒక తీగ బిగిస్తే పక్క తీగ కాస్త జారినట్టే, ఒక నాబ్ తిప్పితే రెండోది చోటు మారుతుంది. లోడ్ పెంచినా పవర్ ఇక పెరగని చోట ఆగండి.

ప్రతిసారీ పది సెకన్లకి మించి క్యారియర్ ఉంచొద్దు. పది సెకన్లు సెండ్, అరనిమిషం విశ్రాంతి. ఎఫ్‌టీ-101ఈలోని 6జేఎస్6సీ ట్యూబులు టీవీల కోసం పుట్టినవి. ట్యూన్ తప్పి ఉన్నప్పుడు టీఎస్-520లోని ఎస్2001ఏ భరించినంతసేపు అవి భరించలేవు.

ప్లేట్ నాబ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పినా డిప్ రావట్లేదు.

దీనికి జవాబు చెప్పేముందు నేను అడిగేది ఒకటే: సెండ్ చేసినప్పుడు ప్లేటు కరెంటు ఎంత చూపిస్తోంది?

అసలు సున్నాయే, ఐడ్లింగ్ కూడా లేదంటే, సర్క్యూట్ జోలికి పోకుండా సెట్టు వెనక్కి వెళ్ళండి. టీఎస్-520 వెనక ప్యానెల్ మీద స్క్రీన్ గ్రిడ్ స్విచ్ ఒకటుంది. న్యూట్రలైజేషన్ (కింద చెప్పబోయే సర్దుబాటు) చేసినవాళ్ళు ఆఫ్ చేసి అలాగే వదిలేస్తారు. అది ఆఫ్‌లో ఉంటే ట్యూబులు వెలుగుతాయి గానీ కరెంటు లాగవు. ఎఫ్‌టీ-101 అయితే వెనక యాక్సెసరీ సాకెట్లో జంపరు వేసిన ప్లగ్గు ఉండాలి. ఆ ప్లగ్గు లేకుండా ఫైనల్స్‌కి హీటరు వెలగదు. సెట్టు చేతులు మారినప్పుడు పనికిరాని ముక్కలా కనిపించి ఈ ప్లగ్గే ముందు పోతుంది. పాత ట్రాన్స్‌ఫార్మరు పోయిందని చెప్పి అమ్మేసిన సెట్లలో ఈ బాపతు ఉంటాయి.

ఐడ్లింగ్ 60 సరిగ్గా ఉండి, క్యారియర్ ఎంత పెంచినా అక్కడి నుంచి లేవకపోతే డ్రైవు అందట్లేదు. రిసీవ్‌లో డ్రైవ్ నాబ్ తిప్పితే సిగ్నల్ పీకవుతోందా? అవుతుంటే కాయిల్స్, బ్యాండ్ స్విచ్ చాలామటుకు మంచివే, 12బీవై7ఏ డ్రైవరు ట్యూబు మీద అనుమానపడాలి. రిసీవ్ కూడా అదే బ్యాండులో మందంగా ఉంటే తప్పు ఆ ఉమ్మడి కాయిల్స్ దగ్గరో, బ్యాండ్ స్విచ్ దగ్గరో. చూశారా, సెట్టు విప్పకుండానే సగం బోర్డులు వదిలించుకున్నాం. ఈ సెట్లలో మీ చేతిలో ఉన్న మొట్టమొదటి టెస్ట్ పరికరం రిసీవరే.

కరెంటు బాగా లేస్తోంది, కానీ ప్లేట్ నాబ్‌కి స్పందించట్లేదంటే నాబ్ మరలు చూడండి. నాబ్ తిరుగుతూ లోపలి కెపాసిటరు తిరగకపోవడం ఎక్కువగా కనిపించేదే. షాఫ్టుని కలిపే కప్లింగు మర ఏళ్ళకేళ్ళుగా వదులై జారుతుంది. కరెంటు ఆపి, హైవోల్టేజీ దిగిందని చూసుకున్నాకే పైకవరు తీసి, నాబ్ తిప్పుతూ కెపాసిటరు రేకుల్ని కళ్ళతో చూడండి.

డిప్ వస్తోంది గానీ నాబ్ చివర్లో వస్తోందంటే లోడు తేడా. డమ్మీ లోడు మీద గుర్తు దగ్గరే వచ్చి, యాంటెన్నా మీద చివరికి పోతే యాంటెన్నాదే తప్పు. 40 మీటర్ల బ్యాండు డైపోలు మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు, అంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వచ్చేది. 7.1కి 20.14. డాబా చిన్నదని తీగని మడతపెట్టి కట్టినవాళ్ళ ప్లేట్ నాబ్ గుర్తు దగ్గర పీకవ్వమంటే ఎలా అవుతుంది? తీరప్రాంతంలో కోయాక్స్ చివర కూడా కోసి చూడండి. లోపలి రాగి అల్లిక పచ్చగానో నల్లగానో ఉంటే అక్కడి నుంచి అడుగు కాదు, మూడడుగుల దాకా నీరెక్కి ఉంటుంది. ఒక్క 80 మీటర్లలోనే డిప్ చోటు తప్పితే, ఆ బ్యాండుకి బ్యాండ్ స్విచ్ అదనంగా కలిపే ఫిక్సెడ్ కెపాసిటరు ఓపెన్ అయి ఉంటుంది.

ఇంకో మాట. లోడ్ పూర్తయ్యాక డిప్ లోతు తగ్గిపోతుంది. లోతైన డిప్ అంటే పవరు బయటికి పోవట్లేదని. డిప్ చిన్నగా ఉందని టెన్షన్ పడి లోడ్ వెనక్కి తిప్పేవాళ్ళున్నారు. అది తిరోగమనం.

సెండ్ చేయగానే ప్లేటు కరెంటు ఎగబాకిపోయింది, ట్యూబు లోపల ప్లేటు ఎర్రగా అయింది.

వెంటనే రిసీవ్‌కి రండి, హీటర్ ఆపేయండి. నెగెటివ్ బయాస్ పోయింది.

రెండు ట్యూబులూ ఎర్రబడితే అనుమానించాల్సిన మొదటి ముద్దాయి, డ్రైవరు ప్లేటు నుంచి ఫైనల్స్ గ్రిడ్డుకి వెళ్ళే చిన్న కప్లింగ్ కెపాసిటరు. నలభై యాభై ఏళ్ళ తర్వాత అది లీకవుతుంది. డ్రైవరు ప్లేటు మీదున్న పాజిటివ్ వోల్టేజీ కొంచెం కొంచెంగా గ్రిడ్డు మీదికి కారి, నెగెటివ్ బయాస్‌ని చంపేస్తుంది. సెట్టు వేడెక్కేకొద్దీ ఐడ్లింగ్ కరెంటు 60 నుంచి 80కి, 100కి పాకుతుంటే ఇదే. మంట రాకముందే పొగ కనిపెట్టినట్టన్నమాట. కెపాసిటరు ఒక కాలు ఊడదీసి, డిజిటల్ మీటరుతో గ్రిడ్డు దగ్గర బయాస్ మళ్ళీ చూడండి. ఊడదీయగానే నెగెటివ్ వోల్టేజీ సరైన చోటికి దిగితే దొంగ దొరికినట్టే. 1000 వోల్టుల సిల్వర్ మైకా వేస్తే ఇక దాని ఊసెత్తక్కర్లేదు.

ఒకే ట్యూబు ఎర్రబడితే ఆ ట్యూబో, దాని సాకెట్లో గ్రిడ్డు పిన్నో. రెండింటినీ చోటు మార్చి చూడండి. ఎరుపు ట్యూబుతోపాటు వెళ్తే ట్యూబు, సాకెట్ దగ్గరే ఉండిపోతే సాకెట్. గాజు లోపలి గోడ మీద కనిపించే నీలం వెలుగు గురించి కూడా అడుగుతారు. అది మామూలే, ప్రమాదం లేదు. ఎలక్ట్రోడ్ల మధ్య గులాబీ, ఊదా రంగు మెరుపు ఆడుతుంటే మాత్రం గాలి చొరబడింది, ఆ ట్యూబుని పక్కన పెట్టేయండి.

డిప్ ఒక చోట, పవర్ ఇంకో చోట వస్తోంది.

రెండూ దాదాపు ఒకే చోట రావాలి. 7 మెగాహెర్ట్జ్‌లో స్వల్ప తేడా ఉంటే వదిలేయండి. 28లో స్పష్టంగా తేడా ఉంటే న్యూట్రలైజేషన్ తప్పింది. ట్యూబు లోపల ప్లేటుకీ గ్రిడ్డుకీ మధ్య ఉండే అతి చిన్న కెపాసిటీ ద్వారా అవుట్‌పుట్ వెనక్కి వస్తుంది, దాన్ని రద్దు చేసే ట్రిమ్మరు ఫైనల్స్ బోనులో ఉంటుంది. ట్యూబులు మార్చినప్పుడు ఇది తప్పకుండా చూడాలి. టీఎస్-520లో స్క్రీన్ గ్రిడ్ స్విచ్ ఆఫ్ చేసి, 28లో పూర్తి డ్రైవు ఇచ్చి, యాంటెన్నా సాకెట్ దగ్గర కారుతున్న ఆర్‌ఎఫ్ అతి తక్కువయ్యేలా ఆ ట్రిమ్మరు తిప్పాలి. స్క్రూడ్రైవరు పూర్తిగా ప్లాస్టిక్‌దై ఉండాలి, ఎందుకంటే ఆ ట్రిమ్మరు ఉన్న చోట హైవోల్టేజీ ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్ళు పక్కన లేకుండా ఈ పని ఒక్కటి మాత్రం చేయొద్దంటాను. అయ్యాక వెనక స్విచ్ ఆన్ చేయడం మర్చిపోకండి.

ప్లేటు కరెంటు 200 దాకా లేస్తోంది, ఆర్‌ఎఫ్ మీటరు మాత్రం కొంచెమే లేస్తోంది.

ఆర్‌ఎఫ్ మీటరు వాట్లు చూపించదు. యాంటెన్నా సాకెట్ దగ్గరి ఆర్‌ఎఫ్ వోల్టేజీని డయోడ్‌తో పట్టి, దానికో సెన్సిటివిటీ ప్రీసెట్ పెట్టి చూపిస్తుంది. యాంటెన్నా ఇంపెడెన్స్ ఎక్కువైతే అదే పవరుకి మీటరు ఎక్కువ లేస్తుంది, తక్కువైతే తక్కువ. యాంటెన్నా మార్చగానే మీటరు లేచిందని సంబరపడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. డమ్మీ లోడు మీద వాట్‌మీటరు పెట్టి చూడండి. 800 వోల్టులు, 200 మిల్లీఆంపియర్లు అంటే లోపలికి 160 వాట్లు వెళ్తోంది. బయటికి అందులో 60 శాతం ప్రాంతంలో వస్తే ఫైనల్స్ ఆరోగ్యంగా ఉన్నట్టు. వాట్‌మీటరులో పవరుండి సెట్టు మీటరులో లేకపోతే ఆ డయోడ్ పోయింది. పిడుగుల కాలంలో యాంటెన్నా పీకకుండా వదిలేసినవాళ్ళ సెట్లలో అది పోతుంటుంది.

డమ్మీ లోడు లేక ఫిలమెంటు బల్బు వాడితే వెలుగు చూసి ఆనందించొచ్చు గానీ కొలతకి పనికిరాదు. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్సు మారిపోతుంది.

మైకులో మాట్లాడితే ప్లేటు కరెంటు సగమే లేస్తోంది.

లేవాల్సింది అంతే. మాటలో పీకులు క్షణకాలం, ముల్లుకి వాటిని అందుకునేంత వేగం లేదు, అది సగటు చూపిస్తుంది. క్యారియర్‌తో 200 దాకా వెళ్ళే సెట్టు, మాటకి అందులో సగం దగ్గర ఊగుతుంటే పీకులు నిండుగానే ఉన్నాయి. ముల్లుని 200కి తేవాలని మైక్ గెయిన్ పెంచితే మాట చెదిరి, పక్క ఫ్రీక్వెన్సీల వాళ్ళు తిడతారు. మైక్ గెయిన్‌కి ఏఎల్‌సీ మీటరే (పీకులు హద్దు దాటుతున్నాయో లేదో చూపించే పొజిషన్) కొలమానం.

సాయంత్రం ఆరు దాటితే పవరు పడిపోతోంది, పొద్దున్న బాగానే ఉంటోంది.

గోడ సాకెట్లో వోల్టేజీ కొలవండి. ఊరి చివర లైను మీద ఉన్న ఇళ్ళలో సాయంత్రం 190కి దిగితే, సెట్టు లోపలి హైవోల్టేజీ కూడా అదే నిష్పత్తిలో దిగుతుంది, హీటర్లు చల్లబడతాయి. హెచ్‌వీ పొజిషన్ ఉన్నది ఇందుకే. సెండ్ చేసినప్పుడు అది కొంచెం దిగడం సహజం, బాగా కూలిపోతే మాత్రం ఫిల్టర్ కెపాసిటర్ల వయసు అయిపోయిందని. స్టెబిలైజరు పెట్టాలంటే సర్వో రకం కొనండి. ఫ్రిజ్‌లకి పెట్టే రిలే రకం టక్కుమని ట్యాపు మార్చినప్పుడల్లా మీ సిగ్నల్ కూడా ఉలిక్కిపడుతుంది.

స్టేషన్ జారిపోతోంది. ఒక్కోసారి ఎగిరి పడుతోంది కూడా.

జారడం వేరు, ఎగరడం వేరు. ఆన్ చేసిన అరగంట దాకా నిదానంగా జారడం ఈ సెట్లకి పుట్టుకతో వచ్చిన గుణం. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టుకుంటే అరగంట దాటినా జారుతూనే ఉంటుంది, దానికి సెట్టేం చేస్తుంది?

ఎగరడానికి మాత్రం కారణముంటుంది. రిసీవ్‌లోనే ఎగిరి, అవతలివాళ్ళు మీ సిగ్నల్ నిలకడగా ఉందంటే, రిసీవ్ ఫ్రీక్వెన్సీని మాత్రమే కాస్త జరిపే ఆర్‌ఐటీ నాబ్ పాడయింది, ఎఫ్‌టీ-101లో దాన్ని క్లారిఫయర్ అంటారు. ఆర్‌ఐటీ ఆఫ్ చేసి చూస్తే తేలిపోతుంది. రిసీవ్, సెండ్ రెండింట్లోనూ ఎగిరితే వీఎఫ్‌ఓ, అంటే డయల్ తిప్పినప్పుడు ఫ్రీక్వెన్సీ మార్చే ఆసిలేటరు. టేబుల్ మీద వేలితో తడితే ఎగురుతోందా? అయితే ట్యూనింగ్ కెపాసిటరు తిరిగే షాఫ్టుని ఛాసిస్‌కి కలిపే చిన్న స్ప్రింగు రేకు దగ్గర మడ్డి చేరింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క దాని మీద వేసి డయల్ ఆ చివర నుంచి ఈ చివరకి పదిసార్లు తిప్పితే చాలావరకు నయమవుతుంది. వీఎఫ్‌ఓ డబ్బాలోని మరేదీ తాకొద్దు, తీగని వంచొద్దు. దాన్ని తిరిగి సరిచేయడానికి చాలా ఓపిక కావాలి.

డయల్ మీద 7.100 చూపిస్తోంది, నేనున్నది 7.103లో. ఎలగ సరిచేయాలి?

25 కిలోహెర్ట్జ్ క్యాలిబ్రేటరు ఆన్ చేసి, 7.100 దగ్గర దాని విజిల్‌ని జీరో బీట్‌కి (స్వరం దిగి దిగి ఆగిపోయే చోటికి) తెచ్చి, డయల్ స్కేలుని ఆ గీతకి జరపండి. మోడ్ మార్చినప్పుడల్లా మళ్ళీ చూసుకోవాలి. క్యాలిబ్రేటరే తప్పయితే? ఈ రెండు సెట్లలోనూ 10 మెగాహెర్ట్జ్ టైమ్ సిగ్నల్ వినే పొజిషన్ ఉంది. రాత్రిళ్ళు చైనా వాళ్ళ టైమ్ సిగ్నల్ స్టేషన్ బీపీఎమ్ మన వైపు వినిపిస్తుంది. దానితో జీరో బీట్ అయ్యేలా క్యాలిబ్రేటరు ట్రిమ్మరుని సర్దండి.

అలైన్‌మెంటు పోయిందంటున్నారు. కాయిల్ కోర్లు తిప్పి చూడమంటారా?

తిప్పొద్దు. కోర్లు వాటంతట అవి తిరగవు. పైన చెప్పినవన్నీ, అంటే కాంటాక్టులు, బయాస్, ట్యూబులు, కరెంటు, యాంటెన్నా, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలి, సర్వీస్ మాన్యువల్ చేతిలో ఉండి, సిగ్నల్ జనరేటరు దొరికాక అప్పుడు ఆలోచిద్దాం. మైనంతో సీలు వేసి ఉన్న కోరుని ఇనుప స్క్రూడ్రైవరుతో తిప్పితే ఫెర్రైటు పగులుతుంది. పగిలిన కోరు బయటికి రాదు, లోపలికి పోదు. రిపేరుకొచ్చే సెట్లలో అసలు జబ్బు కంటే ఇలా ఎవరో చేసిన వైద్యమే పెద్దదిగా ఉంటుంది.

తుపానుకి కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తుందా? అప్పుడు మీటర్లు తేడా చూపిస్తాయా?

2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూశాక మన వైపు ఈ ప్రశ్న తప్పదు. ఎఫ్‌టీ-101ఈలో 12 వోల్టుల కన్వర్టరు లోపలే ఉంటుంది, టీఎస్-520ల్లో కొన్నిటికి విడిగా అమర్చాలి. వినడానికి మాత్రమే అయితే హీటర్ స్విచ్ ఆపేయండి, ఒక ఆంపియరు కూడా లాగదు. సెండ్ చేస్తే ఇరవై ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్న వైరు వాడితే ఆ కరెంటుకి వైరులోనే రెండు వోల్టులు పోయి, సెట్టుకి 10 అందుతుంది. ప్లేటు కరెంటు, పవరు రెండూ పడిపోయి ఫైనల్స్ చచ్చాయనిపిస్తుంది. సెండ్‌లో ఉండగా సెట్టు వెనక ప్లగ్గు దగ్గరే వోల్టేజీ కొలవండి, బ్యాటరీ దగ్గర కాదు. వైరు పొట్టిగా, లావుగా ఉండాలి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

ట్యూబులు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

రెసిస్టర్లు, కెపాసిటర్లు, డయోడ్లకి హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబై లామింగ్టన్ రోడ్. 12బీవై7ఏ, 6146బీ వెతికితే దొరుకుతాయి. 6జేఎస్6సీ మాత్రం అరుదు, ఖరీదు, పైగా దాని పేరుతో వేరే ట్యూబులు అంటగడతారు. కొనేటప్పుడు జతగా సరిపోల్చినవే అడగండి, ఒకే రకం కరెంటు లాగని రెండు ట్యూబుల్ని పక్కపక్కన పెడితే ఒకటే పనంతా మోస్తుంది. ఎస్2001ఏ బదులు 6146బీ వేసుకోవచ్చు, వేశాక బయాస్, న్యూట్రలైజేషన్ రెండూ కొత్తగా చేయాలి. పాత ట్యూబులు పారేయకండి. కొత్తవి వచ్చేదాకా ట్యూన్ నేర్చుకోవడానికి అవే చాలు.